ఇంట్లోనే టెరియాకి బీఫ్ స్క్యూవర్లు: మాడకుండా, గట్టిపడకుండా, పైన మెరిసేలా కాల్చుకోవడం ఎలా

"సాస్ అంతా మాడి నల్లగా అయిపోతోంది, లోపల చూస్తే పచ్చిగానే ఉంది" అని ఒకరు, "ముక్క ఎంత నమిలినా సాగుతూనే ఉంది" అని ఇంకొకరు, "ఉప్పు ఎక్కువైపోయి తినలేకపోయాం" అని మరొకరు. టెరియాకి స్క్యూవర్ల (పుల్లలకి గుచ్చి కాల్చి, తీపి సోయా సాస్ పూసే మాంసం ముక్కల) గురించి అడిగేవాళ్ళందరి బాధా దాదాపు ఈ మూడింట్లోనే ఉంటోంది, అందుకని విడివిడిగా జవాబులు చెప్పేకన్నా మొత్తం పద్ధతి మొదట్నుంచి చివరిదాకా ఒకేచోట రాసేస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట పట్టుకోండి. తీపి చివర్లోనే పడాలి. జపనీస్‌లో తేరి అంటే మెరుపు, యాకి అంటే కాల్చడం. ఆ మెరుపు ఆఖరి రెండు నిమిషాల్లో పూసే చిక్కటి సాస్ వల్ల వస్తుంది, రాత్రంతా సాస్‌లో నానబెడితే రాదు. చక్కెర 160, 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర రంగు తిరగడం మొదలెడుతుంది, బాగా కాగిన గ్రిల్ కమ్మీలు 230 డిగ్రీలు దాటి ఉంటాయి. అంటే తీపి సాస్‌లో మునిగిన ముక్కని తెచ్చి దానిమీద పెడితే మాంసం ఉడికేలోపు చక్కెర మాడిపోవడం ఖాయం, అందులో మీ చేతి తప్పేం లేదు, వరస తప్పంతే.

నేను మొదట్లో చేసింది కూడా అదే. సీసా సాస్ మొత్తం ముక్కల మీద ఒంపేసి రాత్రంతా ఉంచి మర్నాడు పెద్ద సెగ మీద పెట్టాను, మూడు నిమిషాలకే ఇల్లంతా పొగ, పుల్ల పైకి తీస్తే పైన బొగ్గు పొర, కోసి చూస్తే మధ్యలో చల్లగా ఎర్రగా ఉంది. ఆ రోజు నుంచి నానబెట్టేది వేరు, పూసేది వేరు అని రెండుగా విడగొట్టుకున్నాను, ఇక్కడ చెప్పేదంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది.

## 1. ముందుగా అన్నీ దగ్గర పెట్టుకోండి

ఇది నలుగురికి సరిపోయే కొలత, 12 నుంచి 14 పుల్లలు వస్తాయి.

మాంసానికి, నానబెట్టడానికి:
- బీఫ్ 700 గ్రాములు
- సోయా సాస్ 3 టేబుల్ స్పూన్లు
- సాకే, అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం, 1 టేబుల్ స్పూన్ (లేకపోతే నీళ్ళు)
- అల్లం తురుము 1 టీ స్పూన్
- వెల్లుల్లి 1 రెబ్బ, తురిమి
- వాసన లేని వంట నూనె 1 టేబుల్ స్పూన్
- మిరియాల పొడి కొద్దిగా

పూసే సాస్‌కి:
- సోయా సాస్ 120 మి.లీ.
- మిరిన్ (వంటల్లో వాడే తియ్యటి జపాన్ బియ్యపు మద్యం) 120 మి.లీ.
- సాకే 60 మి.లీ.
- చక్కెర 2 టేబుల్ స్పూన్లు
- అల్లం చక్రాలు 3, చితక్కొట్టిన వెల్లుల్లి 1 రెబ్బ

సామాను:
- వెదురు పుల్లలు లేదా చదునుగా ఉండే స్టీలు పుల్లలు
- పట్టకారు, సిలికాన్ బ్రష్
- పచ్చి మాంసానికి ఒక ప్లేటు, వండినదానికి వేరే ప్లేటు
- చేతనైతే వంట థర్మామీటర్
- పేపర్ టవల్స్, ఇవి మర్చిపోవద్దు, వీటి పని చాలా ఉంది

సోయా సాస్ గురించి ఒక్క ముక్క చెప్పాలి. ఉప్పు తక్కువ ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి, ఎందుకంటే సాస్‌ని మరిగించినప్పుడు నీళ్ళు ఎగిరిపోతాయిగానీ ఉప్పు ఎక్కడికీ పోదు, అక్కడే చిక్కబడి కూర్చుంటుంది. డార్క్ సోయా సాస్ మాత్రం వద్దు, రంగు చూసి అదే మంచిదనుకుంటారు కానీ రుచి బరువుగా ఉంటుంది, మాడిందో లేదో కనిపెట్టడం కూడా కష్టం. గోధుమ పడనివాళ్ళకి మామూలు సోయా సాస్ పనికిరాదు, అందులో గోధుమ ఉంటుంది, తమరి అని వేరే రకం ఉంటుంది, దాని లేబుల్ మీద గోధుమ లేదని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి.

మిరిన్‌లోనూ సాకేలోనూ ఆల్కహాల్ ఉంటుంది, మరిగిస్తే చాలావరకు పోతుంది కానీ పూర్తిగా పోతుందని చెప్పలేం. అసలు వాడనివాళ్ళు మిరిన్ బదులు 100 మి.లీ. నీళ్ళు, 3 టేబుల్ స్పూన్ల చక్కెర, 2 టీ స్పూన్ల రైస్ వెనిగర్ కలిపి వేసుకోండి, సాకే బదులు ఉత్త నీళ్ళు చాలు. ఆ మెరుపు, ఆ లోతైన తీపి కొంచెం తగ్గుతాయి, అది నిజమే, కానీ తినేవాళ్ళు పక్కన పెట్టేంత తేడా ఏమీ ఉండదు. మిరిన్ స్టైల్ అని అమ్మేవి తీసుకుంటే వాటిల్లో తీపి సిరప్ కలిపి ఉంటుంది కాబట్టి పైన చెప్పిన చక్కెర 1 టేబుల్ స్పూన్‌కి తగ్గించండి.

## 2. ఏ ముక్క తీసుకోవాలి

స్క్యూవర్లు నిమిషాల్లో అయిపోయే వంట. గంటల తరబడి ఉడికితేగానీ మెత్తబడని ముక్కలు దీనికి పనికిరావు, ఎంత బాగా నానబెట్టినా సరే. స్టూ కోసమని కోసి పెట్టి అమ్మే ముక్కలు చూడ్డానికి సరిగ్గా పుల్లకి గుచ్చే సైజులోనే ఉంటాయి కాబట్టి చాలామంది వాటినే తీసుకొచ్చి మోసపోతున్నారు. వాటిల్లో ఉండే కొల్లాజెన్, అంటే మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే ప్రోటీన్, కరగాలంటే సన్నని సెగ మీద గంటలు కావాలి.

నా లెక్కలో ముందు సర్లాయిన్, అంటే నడుము వెనక భాగం. మరీ ఖరీదు కాదు, రుచి ఉంటుంది, కొయ్యడం తేలిక. పక్కటెముకల దగ్గరి, కొవ్వు చారలు ఉన్న రిబ్ ఐ ఇంకా బాగుంటుంది కానీ కొవ్వు కరిగి నిప్పుల మీద పడి మంటలు లేస్తుంటాయి, కాస్త కనిపెట్టుకుని ఉండాలి. ఫ్లాంక్, స్కర్ట్ ఈ రెండూ పొట్ట వైపు నుంచి వచ్చే, పీచు ఎక్కువున్న ముక్కలు, సన్నగా అడ్డంగా కోస్తే అద్భుతంగా వస్తాయి, లావుగా కోస్తే మాత్రం తాడు నమిలినట్టే. టెండర్లాయిన్ మెత్తగా ఉంటుంది కానీ ఇంత బలమైన సాస్ కింద దాని సున్నితం తెలియదు, దానికి డబ్బు పెట్టడం అనవసరం అని నా అభిప్రాయం.

## 3. కొయ్యడం, సగం ఫలితం ఇక్కడే

మాంసాన్ని ముందు పేపర్ టవల్‌తో ఒత్తి ఫ్రీజర్‌లో 30 నుంచి 45 నిమిషాలు పెట్టండి. గడ్డకట్టకూడదు, వేలితో నొక్కితే పైన గట్టిగా లోపల కొంచెం లొంగుతూ ఉండాలి. అప్పుడు కత్తి జారకుండా ముక్కలన్నీ ఒకే మందంలో తెగుతాయి.

ఇప్పుడు ముక్కని వెలుతురులో పెట్టి దగ్గరగా చూడండి. దువ్విన జుట్టులా ఒకే దిక్కున సాగే గీతలు కనిపిస్తాయి, అదే పీచు. కత్తి ఆ గీతలకి అడ్డంగా పడాలి. గీతల వెంబడి కోస్తే ప్రతి ముక్కలోనూ పొడుగాటి నారలు అలాగే ఉండిపోతాయి, వాటిని తెంపే పని పళ్ళ మీద పడుతుంది, అడ్డంగా కోస్తే ఆ పని కత్తి ముందే చేసేస్తుంది. కోసిన ముక్క అంచు చూసి సరిచూసుకోవచ్చు: గీతలు కాకుండా చుక్కల్లా, సన్నటి గింజల్లా కనిపిస్తే సరిగ్గా కోసినట్టు. సర్లాయిన్‌లో పీచు దిక్కు మధ్యలో మారుతుంటుంది, అక్కడ ఆగి ముక్క తిప్పుకుని మళ్ళీ కొయ్యండి.

రెండు రకాలుగా కోసుకోవచ్చు:
- పట్టీలు: 6 మి.మీ. మందం, 2.5 సెం.మీ. వెడల్పు, 8 నుంచి 10 సెం.మీ. పొడవు. త్వరగా అవుతాయి, సాస్ ఎక్కువ పడుతుంది. ఫ్లాంక్, స్కర్ట్‌కి ఇదే పద్ధతి.
- ఘనాలు: అన్ని వైపులా 2.5 సెం.మీ. లోపల రసం నిలుస్తుంది కానీ సెగ చూసుకోవడం వచ్చి ఉండాలి. సర్లాయిన్, రిబ్ ఐకి బాగుంటుంది.

మొదటిసారి చేసేవాళ్ళు పట్టీలతోనే మొదలుపెట్టండి. రెండూ కలిపి ఒకే పుల్లకి మాత్రం గుచ్చొద్దు, ఒకటి అయ్యేసరికి ఇంకోటి ఎండిపోతుంది.

మీకు దొరికిన ముక్క గట్టిదే అయితే ఒక ఉపాయం ఉంది. 500 గ్రాములకి అర టీ స్పూన్ వంట సోడా, 1 టేబుల్ స్పూన్ నీళ్ళలో కలిపి పట్టీలకి పట్టించి 15, 20 నిమిషాలు ఉంచి, తర్వాత నీళ్ళతో బాగా కడిగి, ఒత్తి ఆరబెట్టి, అప్పుడు ఐదో విభాగంలో చెప్పినట్టు నానబెట్టండి. సోడా వల్ల మాంసంలోని ప్రోటీన్లు వేడికి అంత గట్టిగా బిగుసుకోవు. కడక్కుండా వదిలేస్తే మాత్రం సబ్బు రుచి వస్తుంది.

## 4. సాస్ ముందే కాచి పెట్టుకోండి

మాంసం నానేలోపు సాస్ చేసుకోవచ్చు, ముందు రోజు చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకున్నా ఇంకా మంచిది.

1. చిన్న గిన్నెలో మిరిన్, సాకే పోసి మరగనివ్వండి, ఒక నిమిషం. ఆల్కహాల్ ఘాటు తగ్గుతుంది. గ్యాస్ మంట గిన్నె అంచు దాటి పైకి రాకుండా చూసుకోండి, ఆ ఆవిరి అంటుకునే వీలుంది.
2. చక్కెర వేసి కరిగించండి.
3. సోయా సాస్, అల్లం, వెల్లుల్లి వేసి సెగ తగ్గించండి.
4. సన్నని సెగ మీద 10 నుంచి 15 నిమిషాలు, మధ్యమధ్యలో కలుపుతూ, మూడో వంతుకి పైగా తగ్గేదాకా ఉంచండి. 300 మి.లీ. కాస్తా 180 మి.లీ. దగ్గరికి రావాలి.
5. అల్లం వెల్లుల్లి తీసి వడగట్టండి.

ఎప్పుడు ఆపాలో చాలామందికి అంతు చిక్కట్లేదు కాబట్టి దీని మీద కాసేపు ఉంటాను. మొదట్లో బుడగలు చిన్నచిన్నవి, చురుగ్గా పైకొచ్చి పగిలిపోతుంటాయి. చిక్కబడే కొద్దీ బుడగలు పెద్దవై, బద్ధకంగా లేచి, గిన్నె అంతా పరుచుకుంటాయి, అప్పుడు స్పూన్ ముంచి తీసి వెనకవైపు వేలితో గీత గీయండి, గీత చెరక్కుండా నిలిస్తే ఆపెయ్యండి. ఇంకా పల్చగానే ఉంది కదా ఇంకాస్త అనిపిస్తుంది, అక్కడే తప్పు జరుగుతోంది. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది, వేడిగా ఉన్నప్పుడు లేత పాకంలా ఉంటే చల్లారాక సరిగ్గా ఉంటుంది, వేడి మీదే తేనెలా ఉందంటే చల్లారాక బ్రష్‌కి బంకలా అంటుకుంటుంది. అలా అయిపోతే కంగారు పడొద్దు, ఒకటి రెండు స్పూన్ల వేడినీళ్ళు కలిపితే దారికొస్తుంది.

కార్న్‌ఫ్లోర్ వెయ్యొచ్చా అని అడుగుతుంటారు. తొందరగా కావాలంటే 1 టీ స్పూన్ కార్న్‌ఫ్లోర్‌ని 1 టేబుల్ స్పూన్ చల్లటి నీళ్ళలో కలిపి చివర్లో పోసి ఒక నిమిషం ఉడికించండి. చిక్కదనం వస్తుంది కానీ ఆ మెరుపు మరిగించి తగ్గించిన సాస్‌లో ఉన్నట్టు ఉండదు, కాస్త జిగటగా కూడా ఉంటుంది. నేనైతే ఆ పది నిమిషాలు ఓపిక పట్టడానికే ఇష్టపడతాను.

చక్కెర బదులు తేనె వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. తేనెలో ఫ్రక్టోజ్ అనే రకం చక్కెర ఎక్కువ, అది మామూలు చక్కెర కన్నా చాలా తక్కువ వేడికే మాడుతుంది, కాబట్టి పూత ఇంకా ఆలస్యంగా, ఆఖరి నిమిషంలోనే వెయ్యాలి.

అయిపోయిన సాస్‌ని రెండు గిన్నెల్లోకి పంచండి. ఒకటి గ్రిల్ దగ్గర పూయడానికి, రెండోది తినేటప్పుడు పైన వేసుకోవడానికి. బ్రష్ ముంచిన గిన్నె తిరిగి టేబుల్ మీదకి రాకూడదు.

## 5. నానబెట్టడం

మాంసానికి చెప్పిన సోయా సాస్, సాకే, అల్లం, వెల్లుల్లి, నూనె, మిరియాలు కలిపి ముక్కలకి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. చూశారు కదా, ఇందులో చక్కెర లేదు, కావాలనే వెయ్యలేదు.

- పట్టీలకి 30 నిమిషాల నుంచి 1 గంట
- ఘనాలకి 1 నుంచి 2 గంటలు

ఎంత ఎక్కువసేపు నానితే అంత రుచి అనే నమ్మకం ఇక్కడ పనిచెయ్యదు. సోయా సాస్‌లో ఉప్పు మాంసాన్ని పట్టేస్తుంది, రాత్రంతా ఉంచితే పట్టీలు ఉప్పగా, బిగుసుకుపోయి తయారవుతాయి. పచ్చి అల్లంలో ప్రోటీన్‌ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది, ఎక్కువసేపుంటే పైపొర పిండిలా అవుతుంది. పైనాపిల్, బొప్పాయి, కివీ రసాలు అయితే అంతకన్నా చాలా బలమైనవి, వెయ్యాలనుకుంటే 1 టేబుల్ స్పూన్‌కి మించకుండా, 20, 30 నిమిషాలకి మించకుండా. డబ్బా పైనాపిల్‌తో ఈ పని జరగదు, డబ్బాలో పెట్టేటప్పుడు వేడి చేస్తారు కాబట్టి ఎంజైమ్ పోయి ఉంటుంది.

పచ్చి మాంసం నానిన నీళ్ళు పారబొయ్యండి. వాటినే పూతకి వాడొద్దు. అందుకే కదా సాస్ వేరే కాచింది.

## 6. పుల్లలు నానబెట్టడం, గుచ్చడం

వెదురు పుల్లలు కనీసం 30 నిమిషాలు నీళ్ళలో పూర్తిగా మునిగేలా పెట్టండి, తేలిపోతుంటాయి కాబట్టి పైన ఒక ప్లేటు బోర్లించండి. నానినా సరే బయటికి ఉన్న చివరలు కొంచెం మాడతాయి, అది మామూలే, గ్రిల్ అంచున అల్యూమినియం ఫాయిల్ మడిచి పరిచి చివరలు దానిమీద ఉండేలా చూసుకుంటే ఆ ఇబ్బంది కూడా ఉండదు. స్టీలు పుల్లలైతే గుండ్రటివి వద్దు, ముక్క చుట్టూ తిరుగుతుంది, మీరు పుల్ల తిప్పుతారు, మాంసం మాత్రం తిరగదు. గుండ్రటివే ఉంటే రెండేసి పుల్లలు పక్కపక్కనే గుచ్చండి.

గుచ్చే ముందు ప్రతి ముక్కనీ పేపర్ టవల్‌తో ఒత్తి తడి తీసెయ్యండి. ఇది దాటవేసేవాళ్ళే ఎక్కువ. తడి ముక్క గ్రిల్ మీద పెడితే ముందు ఆ నీళ్ళు ఆవిరి కావాలి, ఆ లోపు ముక్క ఉడుకుతుందిగానీ కాలదు, బూడిద రంగులోకి వచ్చేస్తుంది. రుచంతా ఆ గోధుమరంగు కాలుడులోనే ఉంది, అది పొడిగా ఉన్న ముక్కకే వస్తుంది. రుచి తుడిచేస్తున్నామేమో అనుకోవద్దు, లోపలికి పట్టాల్సింది ఎప్పుడో పట్టేసింది.

పట్టీలని సూదితో కుట్టు వేసినట్టు లోపలికి బయటికి మూడు నాలుగు చోట్ల గుచ్చి, అలల్లాగా కొంచెం సాగదియ్యండి, మరీ దగ్గరికి నొక్కితే మడతల్లో పచ్చిగా ఉండిపోతుంది. ఘనాలైతే మధ్య మధ్యలో కొద్దిగా, అంటే ఒక 3, 4 మి.మీ. ఖాళీ వదలండి. కూరగాయలు అదే పుల్లకి గుచ్చితే ఫోటోలో అందంగా ఉంటుంది కానీ క్యాప్సికం మెత్తబడేసరికి బీఫ్ ఎండిపోతుంది, వాటికి వేరే పుల్లలు పెట్టుకోండి. ఉల్లికాడల తెల్ల భాగం ఒక్కటి మాత్రం మాంసంతోపాటే గుచ్చొచ్చు, రెండూ ఒకే టైముకి అవుతాయి.

గుచ్చిన పుల్లలకి పైన పల్చగా నూనె రాయండి. కాల్చడానికి 20 నిమిషాల ముందు ఫ్రిజ్ బయట ఉంచితే చాలు, గంటల తరబడి వదిలెయ్యొద్దు.

## 7. సెగని రెండు భాగాలు చెయ్యడం

గ్రిల్ మొత్తం ఒకే మంట పెట్టకండి. ఒకవైపు పెద్ద సెగ, ఇంకోవైపు తక్కువ సెగ ఉండాలి. మొదటిది మాంసం కాలడానికి, రెండోది పూత ఎండడానికి, అలాగే మంట లేచినప్పుడు పుల్లలు జరుపుకోవడానికి.

బొగ్గుల గ్రిల్ అయితే బొగ్గులు అంటుకున్నాక 20 నుంచి 30 నిమిషాలు ఆగి, పైన తెల్లటి బూడిద పొర పట్టాక వాటిలో ఎక్కువ భాగం ఒకవైపుకి తోసెయ్యండి. గ్యాస్ గ్రిల్ అయితే మూత వేసి 10, 15 నిమిషాలు వేడెక్కించి ఒక బర్నర్ తగ్గించండి.

వేడి చూసుకోవడానికి అరచేతిని కమ్మీలకి 10, 12 సెం.మీ. పైన పెట్టండి. రెండు మూడు సెకన్లకే చెయ్యి వెనక్కి లాక్కోవాల్సొస్తే పెద్ద సెగ, నాలుగైదు సెకన్లు ఆగగలిగితే మధ్యరకం. తర్వాత మడిచిన పేపర్ టవల్‌ని నూనెలో ముంచి పట్టకారుతో పట్టుకుని కమ్మీలు తుడవండి, నూనె కారకుండా పిండుకోవాలి, కారితే మంట లేస్తుంది.

బొగ్గుల గ్రిల్‌ని ఇంట్లో, గ్యారేజీలో, మూసిన బాల్కనీలో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు. కిటికీ తీసి ఉన్నా సరే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ప్రాణం పోయేదాకా తెలియదు. ఆరుబయట వీలు కాకపోతే పదో విభాగంలో చెప్పిన పద్ధతి చూడండి.

## 8. కాల్చే వరస

పుల్లలు పెద్ద సెగ మీద పెట్టి చెయ్యి తీసెయ్యండి. వెంటనే కదిలించొద్దు. అంటుకుందేమో అని లాగేవాళ్ళు ఎక్కువ, కానీ బాగా కాలిన ముక్క దానంతటదే కమ్మీని వదులుతుంది, లాగితే రావట్లేదంటే ఇంకా కాలలేదనే అర్థం, ఇంకో అర నిమిషం ఆగండి.

- పట్టీలు: ఒక్కో వైపు 1.5 నుంచి 2 నిమిషాలు
- ఘనాలు: రెండేసి నిమిషాలకి తిప్పుతూ మొత్తం 8 నుంచి 10 నిమిషాలు

పూతకి తీసుకెళ్ళేటప్పటికి ముక్క పూర్తిగా అయిపోయి ఉండకూడదు, తక్కువ సెగ మీద ఇంకో రెండు నిమిషాలు గడపాలి కదా, ఆ మేరకు ముందే జరపండి.

లోపలి వేడి 63 డిగ్రీల సెల్సియస్, తర్వాత 3 నిమిషాలు పక్కన పెట్టడం, ఇది విడి బీఫ్ ముక్కలకి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే కనీస లెక్క. ఘనాల మధ్యలోకి థర్మామీటర్ గుచ్చి చూడొచ్చు, పట్టీల్లో అంత లోతు ఉండదు కాబట్టి అన్నిటికన్నా లావుగా ఉన్న ముక్కని కోసి చూసుకోవడమే మార్గం. గర్భిణులకి, చిన్నపిల్లలకి, పెద్దవాళ్ళకి పెట్టేవి మాత్రం లోపల గులాబీ రంగు లేకుండా పూర్తిగా కాల్చండి.

## 9. పూత, మెరుపు వచ్చేది ఇప్పుడు

పుల్లలన్నీ తక్కువ సెగ వైపుకి జరిపి అప్పుడు సాస్ తియ్యండి.

1. పైవైపు పల్చగా ఒక పూత. బ్రష్‌తో లాగకుండా అద్దినట్టు పూయండి.
2. తిప్పి రెండోవైపు ఒక పూత. 30 సెకన్లు.
3. మళ్ళీ తిప్పి రెండో పూత, 30 సెకన్లు, ఇలా ఒక్కోవైపు రెండు మూడు పూతలు.

ఒకేసారి దండిగా పోస్తే కింద కారిపోయి నిప్పుల్లో మాడుతుంది, ముక్క మీద నిలిచేది తక్కువ. పల్చటి పొర ఎండాక దానిమీద ఇంకో పొర పడితేనే అది పట్టుకుంటుంది. గమనిస్తూ ఉండండి: పూసిన వెంటనే సాస్ సుయ్‌మంటూ బుడగలొస్తుంది, కొన్ని సెకన్లకి ఆ బుడగలు అణిగిపోయి పైన వార్నిష్ వేసినట్టు నిగనిగ వస్తుంది, అదే తిప్పాల్సిన క్షణం. ఇంకా ఆగితే అంచులు నల్లబడి వాసన చేదుగా మారుతుంది, ముక్కుకి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత.

దించి శుభ్రమైన ప్లేటులో పెట్టి 3 నుంచి 5 నిమిషాలు వదిలెయ్యండి. ఆఖరి పూత దించాక వెయ్యండి, ఆ వేడికే పట్టుకుంటుంది. వేయించిన తెల్ల నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లికాడలు పైన చల్లండి.

## 10. గ్రిల్ లేనివాళ్ళకి

ఇనప గ్రిల్ పాన్ ఉంటే దాదాపు అదే ఫలితం వస్తుంది. పాన్‌ని 5 నిమిషాలు కాల్చి, పాన్‌లో పట్టేంత పొడవు పుల్లలు మాత్రమే వాడండి, బయటికి పొడుచుకొస్తే మాంసం అడుగుకి తగలదు. నాలుగు పుల్లలకి మించి ఒకేసారి పెట్టొద్దు, పాన్ చల్లబడిపోయి నీరు ఊరుతుంది. పూత టైముకి మంట సన్నం చెయ్యాలి, ఒక విడత అయ్యాక పాన్ తుడిచి రెండో విడత పెట్టాలి, లేకపోతే మొదటి విడత మాడిన సాస్ రెండోదానికి అంటుకుంటుంది.

ఓవెన్ బ్రాయిలర్‌లో (ఓవెన్‌లో పై కాయిల్ వేడితోనే కాల్చే పద్ధతి) అయితే కింద ఫాయిల్ పరిచిన ట్రే, దానిమీద వైర్ ర్యాక్, పై కాయిల్‌కి 10 నుంచి 15 సెం.మీ. దూరం. పట్టీలకి ఒక్కోవైపు 2, 3 నిమిషాలు, తర్వాత పూత వేసి ఒక నిమిషం. ఆ ఒక్క నిమిషం ఓవెన్ ముందు నుంచి కదలొద్దు.

## 11. తప్పు ఎక్కడ జరిగింది, ఏం చెయ్యాలి

పైన నల్లగా, లోపల పచ్చి. తీపి ముందే పడింది, లేదా సెగ ఎక్కువ. అప్పటికప్పుడు అయితే తక్కువ సెగ వైపు జరిపి మూత వేసి లోపల అయ్యేదాకా ఉంచండి, మాడిన అంచులు కత్తెరతో కత్తిరించి కొత్త పూత ఒకటి వెయ్యండి.

ముక్క సాగుతోంది. పీచు వెంబడి కోసి ఉంటారు, లేదా ముక్క రకమే తప్పు. కాల్చేశాక కూడా ఒక దారి ఉంది, పుల్ల నుంచి తీసి పీచుకి అడ్డంగా సన్నటి ముక్కలు కోసి, మిగిలిన సాస్‌లో కలిపి వేడి అన్నం మీద వేసుకోండి.

ఉప్పగా ఉంది. ఎక్కువసేపు నానింది, లేదా సాస్ మరీ తగ్గిపోయింది. సాస్‌లో కాసిని నీళ్ళు, కొంచెం రైస్ వెనిగర్, చిటికెడు చక్కెర కలపండి. ముక్కల్లోనే ఉప్పు ఉంటే ఇంక పూత ఆపేసి నిమ్మరసం పిండి, సాదా అన్నంతో పెట్టండి.

సాస్ నిలవట్లేదు, కారిపోతోంది. సాస్ పల్చగా ఉంది లేదా ముక్క తడిగా ఉంది. సాస్‌ని మళ్ళీ రెండు మూడు నిమిషాలు మరిగించండి.

బూడిద రంగులో ఉంది, కాలిన గుర్తులే లేవు. తడి తుడవలేదు, గ్రిల్ వేడెక్కలేదు, లేదా పుల్లలు కిక్కిరిసిపోయాయి. సగం తీసేసి మిగతావి ముందు కాల్చండి.

మంటలు లేస్తున్నాయి. నీళ్ళు చల్లొద్దు, బూడిద ఎగిరి ముక్కలకి పడుతుంది, కొవ్వు చిందుతుంది. పుల్లలు పక్కకి జరపండి, మూత వెయ్యండి, గాలి అందక అదే తగ్గుతుంది.

## 12. టైము ప్రకారం చూసుకునే లిస్టు

- 2 గంటల 30 నిమిషాల ముందు: మాంసం ఫ్రీజర్‌లో
- 1 గంట 45 నిమిషాల ముందు: కొయ్యడం, నానబెట్టి ఫ్రిజ్‌లో (ఘనాలైతే మొత్తం ఇంకో గంట ముందు మొదలుపెట్టండి)
- 1 గంట 30 నిమిషాల ముందు: సాస్ కాచడం, వెదురు పుల్లలు నీళ్ళలో
- 45 నిమిషాల ముందు: తడి తుడిచి గుచ్చడం, బొగ్గులు అంటించడం
- 15 నిమిషాల ముందు: సెగ రెండు భాగాలు, కమ్మీలకి నూనె, రెండు గిన్నెల్లో సాస్, శుభ్రమైన ప్లేటు, బ్రష్, పట్టకారు గ్రిల్ పక్కన
- ఆఖరి 10 నిమిషాలు: కాల్చడం, పూత, పక్కన పెట్టడం

మిగిలిన స్క్యూవర్లు రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేస్తే 3, 4 రోజులు ఉంటాయి. వేడి చేసేటప్పుడు మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా బిగుసుకుంటాయి, పుల్ల నుంచి తీసి, మూకుడులో 1 స్పూన్ నీళ్ళు, 1 స్పూన్ సాస్ వేసి, మూత పెట్టి ముక్క లోపలిదాకా వేడయ్యేంతవరకు ఉంచండి. బ్రష్ ముంచిన గిన్నెలో మిగిలిన సాస్ దాచుకోవద్దు, వేరే పెట్టిన గిన్నెలోది మాత్రం మూతున్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకోసారికి పనికొస్తుంది.